పెట్టని చెయ్యి

ఇల్లు. వంటింటి బల్ల దగ్గర.

మరదలా,

మీ అక్క పోయే ముందు చిటికెడు ఉప్పు అడిగింది. నువ్వు పెట్టనివ్వలేదు. అది మర్చిపోయి ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకుంటావేమో. మర్చిపోలేదు. ముందు ఆ ముక్క రాసుకుని, మిగతాది తర్వాత రాస్తాను.

నెలల తరబడి చప్పిడి కూడు తిన్నది. గొంతు దిగక కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నది. నువ్వు మంచం పక్కన నిలబడి, గిన్నెలో వేలు ముంచి నాలుకకి రాసుకుని, "బావా, ఇందులో ఉప్పెవరేశారు?" అని పోలీసులా అడిగావు. నేనే వేశాను. ఆ గిన్నె తీసుకెళ్ళి తూములో పారబోశావు. నా ఇల్లు, నా గిన్నె, నా పెళ్ళాం నోటి దగ్గరది. పెట్టని చెయ్యీ ఒక చెయ్యేనా అని ఆ రోజే నీ మొహం మీద అడిగాను. ఇప్పటికీ రోజూ అడుగుతూనే ఉన్నాను, నువ్వు ఎదురుగా లేవు కాబట్టి గోడని అడుగుతున్నాను. నీ ఫోనొస్తే పెట్టేశాను. నువ్వొస్తే తలుపు తియ్యలేదు. ఇప్పుడూ నీ గొంతు వినలేకే, రాని రాత పెట్టుకున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో. గోడ మాత్రం ఎప్పుడూ వంకరగా కట్టలేదు నేను.

ఇక అసలు సంగతి. నా కూతురు, మన కందిరీగ, ఉద్యోగం మానేసింది.

చిన్నప్పుడు నువ్వే పెట్టావు ఆ పేరు, నోరు తెరిస్తే కుడుతుందని. నీ వెనకాల తిరిగే ఆ పథ్యం చదువులో పడింది. నేను వద్దన్నా ఆగలేదు. డైటీషియనై, ఇక్కడి ఆస్పత్రిలో ఏ రోగికి ఏం పెట్టాలో రాసే పనిలో చేరింది. ఆస్పత్రి మొత్తానికి అదొక్కతే. చేసుకుంటూ పోయింది. బాగానే ఉన్నాం.

అక్కడికి ఒక పెద్దాయన వచ్చాడు. గడియారాలు బాగుచేసేవాడట. పెళ్ళాం పోయిందని కొట్టు తలుపు లోపల్నుంచి గడియ పెట్టుకుని వారాల తరబడి తిండి మానేశాడు. కొడుకు తలుపు బద్దలుకొట్టి ఆస్పత్రికి మోసుకొచ్చాడు. మనది ఆయనకి తిండి రాసింది. ఆయన తిన్నాడు. తిన్నాక మూడోరోజు పోయాడు. తిండి తిని ఎవడైనా చస్తాడా? నాకైతే బుర్రకెక్కలేదు. అదేమో "నేనే చంపాను నాన్నా" అంటుంది. ఒక్కసారి అంటుంది, ఇక రోజంతా నోరు విప్పదు. గదిలోంచి బయటికి రాదు. కుట్టకపోయినా పర్లేదు, రెక్కల చప్పుడైనా వినపడాలి కదా. అదీ లేదు.

మీ డైటీషియన్ల సంఘం వాళ్ళు దీన్ని విచారణకి పిలిచారు. నెలాఖరు శుక్రవారం. వెళ్ళనంటోంది. వెళ్ళకపోతే రిజిస్ట్రేషన్ కొట్టేస్తారట, ఇక ఆ పని ఎక్కడా చెయ్యడానికి లేదట. ఆ పని తప్ప దానికి ఇంకోటి రాదు. ఇంకోటి అక్కర్లేదు కూడా.

ఆ సంఘంలో నువ్వు పెద్ద తలకాయవని విన్నాను. ఆ పని తెలిసిన మనిషినెవర్నైనా పంపు, దానితో కాసేపు మాట్లాడ్డానికి. నా మాటలు దానికి ఆనడం లేదు. నువ్వు మాత్రం రావద్దు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడుగుతున్నది దాని నాన్న. మీ బావ నిన్నేమీ అడగలేదు, ఆ ఇద్దర్నీ కలిపి చూడకు.

మేస్త్రీ


సంఘం ఆఫీసు, మూడో అంతస్తు.

బావా,

కవరు మీద నీ రాత చూసి ఎవరో పోయారనుకున్నాను. చదివాక అంత ధైర్యమేమీ రాలేదు.

ఉప్పు సంగతి ఒక్కసారే చెప్తాను. అవును, పారబోశాను. నువ్వు మళ్ళీ వేసి ఉంటే మళ్ళీ పారబోసేదాన్ని. అక్క గుండె నీరు తోడలేకపోతోంది. ఉప్పు పడ్డప్పుడల్లా ఆ నీరు ఊపిరితిత్తుల్లోకెక్కేది. నువ్వు ప్రేమగా చిటికెడు వేసి పనికి వెళ్ళిపోయేవాడివి. మధ్యాహ్నమంతా దిండుకి ఆనుకుని కూర్చుని, చేప ఒడ్డున పడ్డట్టు ఊపిరి కోసం ఎగపోసుకుంటుంటే వీపు రాసింది నేను. నీకావిడ పెళ్ళాం, నాకు అక్క. ఇంతటితో ఆ మాట నా వైపు నుంచి ఆఖరు.

తిండి తిని చస్తాడా అని అడిగావు. చస్తాడు. ఎలాగో కందిరీగకి తెలుసు. నీకు తర్వాత చెప్తాను.

అంతకంటే ముందు ఒకటి తెలుసుకో. మా పనిలో ఎంత పెట్టాలో తెలియడం కష్టం కాదు, చదువుకుంటే వస్తుంది. మంచం చుట్టూ చుట్టాలు చేరి "మా మనిషి కడుపు మాడుస్తావా, నువ్వసలు ఆడదానివేనా" అని మీదికొస్తుంటే, "ఇంతే పెట్టాలి" అని కదలకుండా నిలబడ్డం కష్టం. డాక్టరు మాట చెప్పి పక్క వార్డుకి వెళ్ళిపోతాడు. నర్సుకి ఊపిరి సలపదు. నిలబడేది మేము, ఒంటరిగా. నువ్వన్నట్టు పెట్టని చెయ్యి మాదే.

అందుకే సంఘంలో "తోడు" అని ఒక పద్ధతి పెట్టాను. ఒంటరిగా పనిచేసే ప్రతి డైటీషియన్‌కీ ఒక పెద్దావిడో పెద్దాయనో ఉంటారు. కాళ్ళు వణికినప్పుడు ఫోను చేస్తే "పట్టు వదలకు, నేనున్నాను" అంటారు. నెలకోసారి అందరం కూర్చుని, ఎవరు ఎక్కడ తప్పారో చెప్పుకుంటాం. తలుపులు వేసుకునే చెప్పుకుంటాంలే, బయటివాళ్ళు వింటే మా దగ్గరికి ఒక్క రోగీ రాడు. ఆ సమావేశంలో మన కందిరీగ మొహం నేనెప్పుడూ చూడలేదు. దానికి తోడెందుకు లేదు బావా?

ఇంకో సంగతి. రెండు పేజీలు నింపావు. మాట్లాడదన్నావు, బయటికి రాదన్నావు. ఏం తింటోందో రాయలేదు. ఎవరింటికెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే గిన్నె మూత తీసి చూసే మనిషివి నువ్వు. అది తినడం లేదా? దాచకుండా రాయి.

మనిషిని పంపుతాను. నేను రాను, నువ్వు పిలిచేదాకా.

మరదలు


ఇల్లు.

మరదలా,

తోడెందుకు లేదంటే నేను వద్దన్నాను. "మీ పిన్ని సంఘం గడప తొక్కితే ఈ గడప తొక్కొద్దు" అని దానితో అన్నాను. నా కూతురు, నా మాట. దానికి నీకు సంజాయిషీ చెప్పుకోను.

తినడం లేదు. చాలా రోజులైంది. అడిగావు కాబట్టి రాస్తున్నా. ఇంటి ఆడకూతురు తినకుండా పడుకుందంటే అది బయట చెప్పుకునే మాటా? మొదట్లో సగం తిని లేచేది. తర్వాత మంచినీళ్ళు, పాలు లేని టీ. మెడ కింద ఎముకలు శ్లాబు చువ్వల్లా తేలాయి. గదమాయించాను. బతిమాలాను. నోట్లో కుక్కబోయాను, మొహం తిప్పేసుకుంది. "ఇంకొకరికి ఇది తిను అని చెప్పే హక్కు పోయినదాన్ని, నేనేం తినను నాన్నా" అంది. లంఖణం పరమౌషధం అని మీ సంఘం గోడ మీద రాయించుకోండి.

అదంతా నిన్నటిదాకా. ఇవాళ పొద్దున నా పిల్ల మళ్ళీ మనుషుల్లో పడింది. తనే లేచి స్నానం చేసింది. గది తుడుచుకుంది. పుస్తకాలన్నీ కట్టలు కట్టి, ఆస్పత్రిలో తన చోట చేరిన అమ్మాయికి పంపించమంది. తెల్లకోటు ఇస్త్రీ చేసి మడిచి పెట్టింది. తర్వాత వంటింట్లోకొచ్చి, ఇదే బల్ల దగ్గర కూర్చుని, "ఆదివారం మధ్యాహ్నం నాకు కడుపు నిండా పెడతావా నాన్నా" అంది.

నా చేతిలో గ్లాసు జారిపోయింది.

ఇప్పుడే పెడతాను తల్లీ అన్నాను. వద్దంది. ఆదివారమే, అన్నీ ఒక్కసారే, పళ్ళెం ఖాళీ అవ్వకూడదు అంది. నవ్వింది కూడా. పక్కింటి టైలరమ్మ వండి పెడతానంది. ఆవిడ చేతివంట కొంచెం నీళ్ళనీళ్ళగా ఉంటుంది, నేను పక్కనుండి చూసుకుంటాలే. మాంసం, పప్పు, నెయ్యి, పళ్ళు, తీపి, అన్నీ. ఎన్నాళ్ళదో ఆకలి, ఒక్క పూటలో తీర్చేస్తాను. మీ కొలతగ్లాసులు మా వంటింట్లో చెల్లవు.

కాబట్టి మనిషిని పంపక్కర్లేదు. విచారణ సంగతి అది తిని లేచాక చూసుకుంటాం.

మేస్త్రీ


ఆఫీసు. శనివారం.

బావా,

పెట్టకు.

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. మూడుసార్లు ఫోను చేశాను. నా గొంతు వినగానే పెట్టేశావు. దాని ఫోను మోగడమే లేదు. అందుకే ఇది మా మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. ఆవిడ మీ పక్క ఊళ్ళో డైటీషియన్, మోటారుసైకిలు మీదొస్తుంది. తలుపు తియ్యి. ఆవిడ ఏం చెప్తే అది చెయ్యి.

తిండి తిని ఎలా చస్తాడో చెప్తానన్నాను కదా. నీ భాషలో చెప్తాను. శ్లాబు పోసిన మర్నాడే సెంట్రింగ్ చెక్కలు ఊడదీసి, దాని మీద ఇటుకల లారీ దించుతావా? పైకి గట్టిగానే కనిపిస్తుంది. కానీ లోపల పచ్చి. వారాల తరబడి తినని ఒళ్ళు అలాంటిది. ఉన్న కాస్త లవణాలతో గుండెని ఎలాగో కొట్టిస్తూ ఉంటుంది. ఒక్కసారి బోలెడంత తిండి పడితే ఒళ్ళంతా దాని మీద పడి, రక్తంలో మిగిలిన ఆ లవణాల్ని కూడా లాగేసుకుంటుంది. గుండె తప్పుతుంది. పెద్దాయన అలాగే పోయాడు. ముందు రక్తం చూడాలి, సూది మందు పడాలి, తర్వాత చెంచాలతో మొదలుపెట్టి రోజురోజుకీ కొంచెం కొంచెం పెంచాలి. ఇంట్లో కుదిరే పని కాదు. ఆస్పత్రికి తీసుకెళ్ళు.

ఇప్పుడు రాసేది నిలబడి చదవకు, కూర్చో.

ఇదంతా దానికి నాకంటే బాగా తెలుసు. ఆ పెద్దాయన తర్వాత ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియనంత బాగా తెలుసు. పుస్తకాలు పంచేసింది. కోటు మడిచి పెట్టింది. ఒక్కసారే, నిండా పెట్టమంది. అది తెలియక అడగలేదు బావా. ఆయనకి రాసిన పళ్ళెమే తనకీ వడ్డించమంటోంది, అదీ నీ చేత్తో.

పెట్టకు. ఆ తర్వాత జీవితాంతం నన్ను తిట్టుకో, పడతాను. దాన్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు.

మరదలు


ఆస్పత్రి. వరండా బెంచీ.

మరదలా,

బతికి ఉంది. ముందు అది రాశాను.

నువ్వు పంపిన హెల్మెట్ మనిషి సరిగ్గా వడ్డించే వేళకొచ్చింది. పేరు చెప్పింది గానీ ఆ గాభరాలో నాకెక్కలేదు, హెల్మెట్ అనే పిలుస్తున్నాను, పలుకుతోంది. తలుపు కొట్టడాలు లేవు, పిలవడాలు లేవు. నెత్తిన ఆ హెల్మెట్‌తోనే వంటింట్లోకి దూరి పొయ్యి ఆర్పేసి, వేడి గిన్నె మూత మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. అరచేతులు కాలాయి తర్వాత చూస్తే. "ఎవరే నువ్వు" అని గరిటె ఎత్తాను. ఎత్తినదాన్ని ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను. టైలరమ్మ దొంగ దొంగ అని వీధిలోకి పరిగెత్తింది. హెల్మెట్ నీ ఉత్తరం నా జేబులో కుక్కి, "ముందు చదవండి, తర్వాత కొట్టండి" అంది.

నాకు మనసులో చదువుకోవడం రాదని నీకు తెలుసు. కూడబలుక్కుంటూ పైకే చదివాను. శ్లాబు దగ్గరికి వచ్చేసరికి కందిరీగ గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఆవిడని పంపెయ్యి నాన్నా, పళ్ళెం పెట్టు" అంది. నేను ఆపలేదు, ఆపడం రాలేదు, ఒక్కో అక్షరమే చదువుకుంటూ పోయాను. అది తెలియక అడగలేదు బావా, అన్న చోటికొచ్చాను. నా నోటితోనే చదివాను. చదివాక అర్థమైంది. తలెత్తి చూశాను.

నేల మీద కూలబడింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

ఆస్పత్రికి తెచ్చాం. దాని ఆస్పత్రికి కాదు, వేరే దానికి. ఇక్కడి డాక్టరు మంచివాడు, దానికి పిచ్చి పట్టిందని అనకుండా మాట్లాడతాడు. మనసుకి మందిచ్చే డాక్టరమ్మ కూడా రోజూ వచ్చి కూర్చుంటోంది. సూది వేశారు. రక్తం తీశారు, మళ్ళీ మళ్ళీ తీస్తున్నారు, ఉన్నదే కాస్త. తర్వాత చెంచాడు పాలు. హెల్మెట్ ఆ చెంచా నా చేతికిచ్చింది. "మీరే పెట్టండి, నేను చెప్పినప్పుడు ఆపండి" అంది.

మరదలా, మొదటిరోజు దానికి ఆకలి లేదు. రెండోరోజు లేచింది ఆకలి. ఒళ్ళంతా నోరై అడిగింది. "ఇంకొక్క చెంచా నాన్నా, నీకు దణ్ణం పెడతాను, ఒక్కటి" అంది. చెయ్యి పట్టుకుంది. గిన్నెలో ఉన్నాయి పాలు. హెల్మెట్ తల అడ్డంగా ఊపింది. పెట్టలేదు నేను. నా బిడ్డ ఆకలని ఏడుస్తుంటే గిన్నె వెనక్కి లాక్కున్నాను. గోడవైపు తిరిగి నిలబడ్డాను.

అప్పుడు వెనకాల్నుంచి అంది. "ఆ రోజు నేనూ ఇలా గోడవైపు తిరిగి ఉంటే ఆయన బతికేవాడు నాన్నా" అని. చెప్పుకొచ్చింది. మొదట కొంచెమే రాసిందట, చెంచాల లెక్కే. పెద్దాయన ఇంకా పెట్టమని ఏడ్చాడట. కొడుకు దీని కాళ్ళ మీద పడ్డాడట. లేచి, "అడిగినా పెట్టని చెయ్యీ ఒక చెయ్యేనా" అని అరిచాడట. అదే మాట. ఎవరూ నేర్పకుండా అదే మాట. "నాకు వాడి గొంతు వినపడలేదు నాన్నా, నీ గొంతు వినపడింది. అమ్మ మంచం కనపడింది. నిండా పెట్టమని రాసేశాను. ఎవరినైనా అడుగుదామంటే ఎవరున్నారు?" అంది.

తప్పు నాదని ఇక్కడ రాస్తే ఆ గడియారాలాయన లేచి రాడు. అందుకని రాయడం లేదు. కానీ రెండు పూటలు నాకు ముద్ద దిగలేదు, అది మాత్రం రాస్తున్నాను.

మీ వాళ్ళు వంతులేసుకుని వస్తున్నారు. ఎవరు పంపుతున్నారో నాకు తెలుసులే. రోజుకొకరు. నేను బెంచీ మీద కూర్చుని వింటూ ఉంటాను, తలుపు సరిగా పడదు, బిజాగ్రీ వంగిపోయింది. పళ్ళ బుట్టలు తేరు, ధైర్యంగా ఉండు అనరు. కూర్చుని తమ తప్పులు చెప్తారు. ఒకావిడ షుగరు రోగికి వేరే మంచం వాడి పళ్ళెం వెళ్ళనిచ్చిందట. ఒకాయన, బట్టతలాయన, రోగి అరిచాడని బాత్రూములో దాక్కున్నాడట. దాక్కుని అక్కడే నిద్రపోయాడట. దానికి కందిరీగ "హుఁ" అంది. నవ్వని చెప్పను. ఆ శబ్దం విని నేను బెంచీ మీంచి లేచి నిలబడ్డాను.

ఇక విచారణ మిగిలింది. వెళ్తానని అనదు, వెళ్ళనని అనదు. ఆ గదిలో ఎవరుంటారు, ఏం అడుగుతారు, నీకు తెలిసే ఉంటుంది. రాయి.

మేస్త్రీ


ఆఫీసు.

బావా,

నీ ఉత్తరంలో మొదటి ముక్క చదివి మిగతాది చాలాసేపు చదవలేకపోయాను. అద్దాలు పనిచెయ్యలేదు.

ఆ చెంచా వెనక్కి లాగడం ఎంత కష్టమో నాకు రాయక్కర్లేదు. నాకు తెలుసు. ఇంకేం అనను.

ఆ గదిలో ఎవరుంటారని అడిగావు. నీకు దాచాను. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. ఐదుగురం కూర్చుంటాం. మధ్య కుర్చీ నాది.

నిబంధన ప్రకారం చుట్టాల విచారణలో నేను కూర్చోకూడదు. మనకి చుట్టరికం ఉందని ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళు మాటల్లేకపోవడం అందుకు బాగా పనికొచ్చింది. హెల్మెట్ నీ వంటింట్లో విన్నది, కానీ ఆవిడ నా మనిషి, నోరు విప్పదు.

ఎందుకు దిగలేదంటావా? మిగతా నలుగురిలో ఇద్దరు ఇప్పటికే పేరు కొట్టెయ్యాలంటున్నారు. నేను దిగితే ఆ కుర్చీలోకొచ్చే మనిషి మరీ నిక్కచ్చి. "తెలిసి తెలిసి రాసింది, ఇంకేం విచారణ" అని నా ముందే అన్నాడు. నేనుంటే ఏడాది పాటు పక్కన పెట్టి, ఒక పెద్దమనిషి తోడు కింద పనిచేయించి, మళ్ళీ లోపలికి తీసుకొచ్చేలా మాట తిప్పగలను. నాకు ఆ విద్య తెలుసు. ఈ సంఘం ఇటుక ఇటుకా పేర్చింది నేను. ఎక్కడ తోస్తే ఏది కదులుతుందో నాకు తెలుసు.

ఈ సంగతి తర్వాత బయటపడితే నా పరువు, కుర్చీ, తోడు పద్ధతి, అన్నీ ఒక్కసారే కూలతాయని కూడా తెలుసు. అక్క కూతురి కోసం ఆ పాపం మోస్తాను.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. దాన్ని శుక్రవారం ఆ గదికి తీసుకురా. నేనక్కడ ఉంటానని దానికి చెప్పకు. నా మొహం చూసినా నన్నెరగనట్టు ఉండమని లోపలికి వెళ్ళే ముందు ఒక్క మాట చెప్పు చాలు.

మరదలు


ఆస్పత్రి. అదే బెంచీ. ఆదివారం.

మరదలా,

చెప్పేశాను.

చెప్పొద్దన్నావు. కానీ ఆ మంచం పక్కన కూర్చుని దాచడం నావల్ల కాలేదు. దాచి దాచి అది ఎక్కడిదాకా వచ్చిందో చూశాం కదా. నీ ఉత్తరం దాని ముందే, పైకే చదివాను. విన్నంతసేపు దుప్పటి అంచు మెలిపెడుతూనే ఉంది. ఇప్పుడు సగం గిన్నె తింటోంది, చెప్పడం మర్చిపోయాను. గొంతులోకి కాస్త సత్తువ వచ్చింది.

అంతా విని అంది. "ఆవిడ మాట తిప్పి నన్ను గట్టెక్కిస్తే, రేపు ఎవరి మంచం దగ్గరైనా నిలబడి ఇంతే పెట్టాలి అని ఎలా అనను? చుట్టాలు ఏడ్చారని ఒకసారి రాసేశాను. ఇప్పుడు నా చుట్టమే నాకు రాసేస్తానంటోంది. రెండూ ఒకటే నాన్నా" అంది. నాకు మీ విద్యలు తెలియవు గానీ, ఈ మాట తూకం తెలిసింది. నువ్వు మధ్య కుర్చీలో ఉంటే అది ఆ గది గుమ్మం దాటదు. నేను ఈడ్చుకొచ్చినా దాటదు. అది నా కూతురు.

పేరు కొట్టేస్తారేమోనని నేనన్నాను. కొట్టెయ్యనీ అంది. దానికి భయం వాళ్ళంటే కాదు. ఆ కొడుకు వస్తాడు. గడియారాలాయన కొడుకు. వాడి మొహం చూస్తూ, "మీ నాన్నకి ఎంత పెట్టాలో నాకు తెలుసు, మీరు ఏడ్చారని ఎక్కువ రాశాను, తప్పు మీది కాదు నాది" అని చెప్పాలట. ఎందుకే అంటే, "చెప్పకపోతే వాడు కూడా నాలాగే తలుపేసుకుంటాడు నాన్నా. వాడే పెట్టమని అరిచాడు కదా. రోజూ గుర్తొస్తూ ఉండి ఉంటుంది" అంది. ఆ ముక్క నాకు తట్టనే లేదు. నీకు తట్టిందా? ఇంతమంది పెద్దలు ఐదు కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు, మీలో ఒక్కరికైనా తట్టిందా?

ఒక్కదాన్నే చెప్పలేను అంటోంది. నిన్న హెల్మెట్ ముందు చెప్పి చూసింది, సగంలోనే ఆగిపోయింది. విచారణకి వచ్చినవాళ్ళ పక్కన ఆ పని తెలిసిన పెద్దవాళ్ళు ఒకరు కూర్చోవచ్చని మీ నిబంధనల్లోనే ఉందట. అలా కూర్చునేవాళ్ళు చుట్టమైనా తప్పు లేదట. హెల్మెట్ చెప్పింది. "నేను కూర్చుంటా" అని ఆవిడే అంది, కాలిన చేతులతో. కందిరీగ వద్దంది. బట్టతలాయన వస్తానన్నాడు. వద్దంది. మరెవరే అని అడిగాను. పిన్ని, అంది. ఆ మాట దాని నోట్లోంచి విని ఎన్నేళ్ళయిందో. నేనే అననిచ్చేవాణ్ణి కాదు.

కాబట్టి విను. నువ్వు నీ చుట్టరికం అందరి ముందూ చెప్పి, ఆ మధ్య కుర్చీ దిగి, దీని పక్కన కూర్చోవాలి. నువ్వు దిగితే నిక్కచ్చివాడు ఎక్కుతాడని రాశావు. ఎక్కనీ. పేరు పోతుందన్నావు. పోతే పోనీ, మళ్ళీ రాయించుకునే దారి ఎంత దూరమైనా నడుస్తుందట, నడిచేటప్పుడు నీ తోడు కావాలట. నీ పరువు పోతుంది. అది నాకు తెలుసు. ఇన్నేళ్ళు దాచి కూర్చున్నందుకు నిన్ను కూడా నాలుగు మాటలంటారు. పడు. నేను పడటం లేదూ?

ఒకటి మాత్రం నీకూ నాకూ మధ్యే. ఆ రోజు అది ఆ గదిలో సగం మాట చెప్పి, ఒంటరిగా బయటికొచ్చి, ఇంటికొచ్చి గది తలుపు వేసుకుందనుకో. ఆ తర్వాత నేనేం చెయ్యాలి? గదికి గడియ పీకేశాను, కిటికీకి కూడా. అయినా మనిషి లోపలి గడియ నాకెక్కడ అందుతుంది? నాకు భయంగా ఉంది. ఈ మాట నేను ఇంతకుముందు ఎవరికీ రాయలేదు, చెప్పలేదు.

నువ్వు రాకపోతే దాని పక్కన నేనే కూర్చుంటాను. మీ వాళ్ళు గెంటేసినా కూర్చుంటాను. మీరు అడిగేదాంట్లో ఒక్క ముక్క నాకు అర్థం కాదు, దానికి ఒక్క మాట అందివ్వలేను. ఊరికే కూర్చుంటాను, అంతే.

శుక్రవారం విచారణ. బుధవారం సాయంత్రం ఈ ఆస్పత్రి గేటు మూసేలోగా నీ జవాబు నా చేతిలో ఉండాలి. ఇది తీసుకొస్తున్నది హెల్మెట్. జవాబు తీసుకోకుండా నీ గుమ్మం కదలొద్దని చెప్పాను. నిక్కచ్చివాడి సంగతి, నిబంధన సంగతి, చూద్దాం చేద్దాం అన్న సంగతి నాకు రాయకు. కుర్చీ దిగుతావా, దిగవా?

బుధవారం.

మేస్త్రీ